సూర్యుడికి అంత దూరంలో వాయేజర్ 1కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 1కు కరెంటు సూర్యుడి నుంచి కాదు, తనతో మోసుకెళ్లిన ప్లుటోనియం-238 వేడి నుంచి వస్తోంది. ఆ మూలకం తనంతట తానే క్షీణిస్తూ వేడి పుట్టిస్తుంది. ఒక పక్క ఆ వేడి, మరో పక్క అంతరిక్షపు చలి. ఈ తేడాను ఉష్ణయుగ్మాలు, అంటే రెండు వేర్వేరు పదార్థాలను కలిపిన జంటలు, విద్యుత్తుగా మారుస్తాయి. తిరిగే భాగాలే లేవు కాబట్టి అరుగుదల బాధ లేదు. 1977లో ప్రయోగించినప్పుడు సుమారు 470 వాట్లు వచ్చేవి, ఏటా దాదాపు 4 వాట్లు తగ్గుతున్నాయి. అందుకే నాసా ఒక్కో పరికరాన్నీ ఆపేస్తూ వస్తోంది.

సోలార్ పలకలు పెట్టి ఉంటే సరిపోయేది కదా అని అనంతపురం, కర్నూలు వాళ్లకు అనిపించడం సహజమే, చుట్టూ సోలార్ పార్కులే మరి! కానీ సూర్యుడి నుంచి భూమికున్న దూరానికి 160 రెట్లకు పైగా అవతల, ఎండ ఇక్కడి ఎండలో 25 వేలవ వంతు కూడా ఉండదు. అనంతపురంలో మిద్దె మీద మిట్టమధ్యాహ్నం 1,000 వాట్లు ఇచ్చే పలకలు అక్కడ 0.1 వాటు కూడా ఇవ్వలేవు.

కరెంటు అయిపోతే నౌక ఆగిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు. ఆగిపోయేవి సంకేతాలే. అడ్డుకునే గాలి లేదు కనుక సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో అది సాగుతూనే ఉంటుంది. అందులోని కాస్త హైడ్రజీన్ ఇంధనం కూడా ముందుకు నెట్టడానికి కాదు, యాంటెన్నాను భూమి వైపు తిప్పి ఉంచడానికి.