తిక్క తెగులు మీద పనిచేయబోతున్న మేనకోడలికి

చి. శిరీషకు,

మామయ్య ఆశీస్సులు. నీ పీహెచ్‌డీకి వేరుశనగలో ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ తెగులు ఇచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "పాత తిక్క తెగులే కదా, ఇంకా అందులో ఏం మిగిలిందని" అంటూ మొహం మాడ్చుకున్నావట. నా ఉద్యోగమంతా దాని వెంటే తిరిగాను. నాలుగు మాటలు రాస్తున్నాను, కోపం తగ్గాక చదువు.

ముందు ఆకు తిప్పి చూడటం అలవాటు చేసుకో. పైనుంచి చూస్తే రెండు రకాల మచ్చలూ ఒకేలా కనిపిస్తాయి. ముందుగా వచ్చే తెగులుకి గోధుమరంగు మచ్చ చుట్టూ పసుపు వలయం ఉంటుంది, సిద్ధబీజాలు (ఫంగస్ విత్తనాల్లాంటివి) ఎక్కువగా ఆకు పైభాగాన పుడతాయి. నీ తెగులు మచ్చ అడుగున నల్లగా ఉండి, వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. లెన్సు పెడితే సిద్ధబీజాల గుత్తులు వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. పసుపు వలయం ఒక్కటే చూసి తేల్చేయకు. రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి అది మారుతుంది.

ఇక స్కోరింగు, అంటే తెగులు తీవ్రతకి అంకె వేయడం. ఇందులోనే నేను గట్టిగా దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పరీక్షలో ఉన్న ఒక లైనుకి (కొత్త రకానికి) 1-9 స్కేలు మీద (1 అంటే తెగులు లేనట్టు, 9 అంటే ఆకంతా పోయినట్టు) 3 వేసి, తెగులు తట్టుకుంటుందని రిపోర్టు రాసి ఊరంతా చెప్పుకున్నాను. మరుసటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో ముసురు పట్టింది. అదే లైను తొంభయ్యో రోజుకి కాడలు తప్ప ఆకు లేకుండా నిలబడింది. పాత నోటుబుక్కు తీసి చూస్తే, మొదటి ఏడాది పక్కనే వేసిన టి.ఎం.వి. 2 అనే పాత రకానికి కూడా స్కోరు 4 మాత్రమే. అంటే ఆ ఏడాది తెగులే రాలేదు! 1940లో తిండివనంలో విడుదలైన ఆ రకం తిక్కకు ఏ మాత్రం ఆగదు. అదే పచ్చగా ఉంటే మిగతా అంకెలన్నీ కొట్టేయాల్సిందే. అందుకే కొన్ని సాళ్ళకొకటి చొప్పున టి.ఎం.వి. 2 వేయి, తెగులు సోకిన పోయినేటి ఆకు చెత్తను సాళ్ళలో చల్లు, సాయంత్రం పూట స్ప్రింక్లర్ పెట్టి రాత్రంతా ఆకు తడిగా ఉండేలా చూడు. టి.ఎం.వి. 2 స్కోరు 8 దాటాకే మిగతా వాటి గురించి మాట్లాడు.

ఇంకో మోసం ఉంది. ఎక్కువ రోజుల రకాలు ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తాయి. తొంభయ్యో రోజున పక్క లైను కాయ నింపుకుని అలసిపోయి ఉంటుంది, ఇది ఇంకా కుర్రతనంలోనే ఉంటుంది. అది తెగుల్ని తట్టుకోవడం కాదు, వయసు తేడా. అనంతపురం జిల్లాలో జూలై వానకి విత్తే రైతుకి 130 రోజుల రకం ఇస్తే చివర్లో నీళ్ళెక్కడివి? అందుకని పంటకాలం సమానంగా ఉన్నవాటినే పక్కపక్కన పెట్టి పోల్చు. రైతు కాయ ఒక్కటే చూడడు, కట్టె (కాయ కోశాక పశువులకి మేతగా మిగిలే మొక్క) కూడా చూస్తాడు. ఆకు రాలిపోయిన కట్టె ఎద్దు ముట్టదు.

పొలంలో స్కోరు వేయడంతోపాటు ఆకు కోసి ల్యాబులో కూడా పెట్టు. కాడ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగంతో సహా ఆకు తుంచి తడి ఇసుకలో గుచ్చితే వారాల తరబడి బతుకుతుంది. దాని మీద సిద్ధబీజాలు చల్లి, మచ్చ మీద కొత్తవి పుట్టడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టు. తెగులుకి లొంగిపోయే రకంలో సుమారు రెండు వారాలు. నలభయ్యో రోజు నుంచి నూటపదో రోజు దాకా ఆ ఫంగస్‌కి అయిదు తరాలు గడుస్తాయన్నమాట. ఒక రకంలో ఆ గడువు పద్దెనిమిది రోజులైతే నాలుగు తరాలు కూడా పూర్తికావు. చూడ్డానికి నాలుగు రోజులే, పొలంలో మాత్రం ఆకు నిలబడుతుంది.

మన శనక్కాయ ఇంత తేలిగ్గా ఎందుకు లొంగుతుందో తెలుసుకోవాలంటే దాని పుట్టుక దగ్గరికి వెళ్ళాలి. దక్షిణ అమెరికాలో సుమారు పదివేల ఏళ్ళ కిందట రెండు అడవి జాతులు, అరాకిస్ డ్యూరానెన్సిస్, అరాకిస్ ఇపాయెన్సిస్, కలిశాయి. క్రోమోజోములు రెట్టింపై నలభై అయ్యాయి. ఆ తర్వాత ఇరవై క్రోమోజోముల అడవి చుట్టాలతో అది సహజంగా కలవడం కష్టమైపోయింది. ప్రపంచంలోని శనక్కాయంతా దాదాపు ఆ ఒక్క పెళ్ళి సంతానమే. బలహీనత కూడా అందరిదీ ఒకటే. అందుకే తెగుల్ని తట్టుకునే జన్యువుల కోసం మళ్ళీ అడవికి పోవాల్సి వచ్చింది. బొలీవియాలో దొరికిన అరాకిస్ కార్డెనాసీతో అమెరికాలో 1960ల్లో మొదలుపెట్టిన సంకరాల సంతానం విత్తనాల మార్పిడిలో దేశదేశాలకూ చేరింది. ధార్వాడ్‌లో తయారైన జి.పి.బి.డి. 4 రకంలో ఉన్నది ఆ నెత్తురే. నీ ప్రయోగంలో తట్టుకునే చెక్‌గా (పోల్చి చూసే రకంగా) అది తప్పకుండా ఉండాలి.

దాన్లో త్రుప్పు తెగుల్ని ఆపే శక్తిలో 80 శాతం దాకా ఎ03 క్రోమోజోము మీద ఒకే ముక్క దగ్గర ఉందని మ్యాపింగులో (ఏ గుణం ఏ క్రోమోజోము మీద ఉందో వెతికే పనిలో) తేలింది. ఆకుమచ్చకీ అక్కడే పెద్ద భాగం దొరికింది. మార్కర్‌తో (ఆ ముక్క ఉందో లేదో చెప్పే డీఎన్‌ఏ గుర్తుతో) ఆ ముక్కను వేరే రకాల్లోకి తేవడం తేలిక. నాకు భయం కూడా అక్కడే. 1940ల్లో ఉత్తర డకోటాలో ఫ్లోర్ అనే ఆయన అవిసె పంటలో త్రుప్పు మీద పనిచేసి, మొక్కలో ఒక జన్యువుకి ఫంగస్‌లో ఒక జన్యువు జవాబుగా ఉంటుందని చూపించాడు. ఆ ఒక్కటి మార్చుకుంటే ఫంగస్‌కి తలుపు తెరుచుకున్నట్టే. ఆస్ట్రేలియాలో కనోలా అనే నూనెగింజ పంటకి బ్లాక్‌లెగ్ అనే ఫంగస్ తెగులు రాకుండా ఒకే ప్రధాన జన్యువుతో 2000లో రకం వచ్చింది. 2003కల్లా ఐర్ ద్వీపకల్పంలో పొలాలకు పొలాలే పడిపోయాయి. అక్కడి ఫంగస్ చేసిన పనల్లా, మొక్క గుర్తుపట్టే తన జన్యువును పారేసుకోవడమే.

మన తిక్క ఫంగస్ అలా కాదు, లైంగిక దశ అరుదుగానే కనిపిస్తుంది, అంత వేగంగా మారదు అంటారు. అయినా మందుల విషయంలో ఏం జరిగిందో చూడు. అమెరికాలోని అలబామా శనక్కాయ పొలాల్లో బెనోమిల్ అనే ఫంగస్ మందుకి లొంగని ఆకుమచ్చ ఫంగస్ ఉందని 1974కే రిపోర్టు వచ్చింది. మన రైతు కొట్టే కార్బెండాజిమ్ దాని తోడబుట్టిందే. కణవిభజనకు కావలసిన ఒకే ప్రొటీన్ మీద పనిచేసే మందు అది, ఆ ప్రొటీన్‌లో ఒక్క మార్పు వస్తే చాలు. ఎకరంలో ఎన్ని కోట్ల సిద్ధబీజాలు పుడతాయో ఊహించుకో. ఆ ఒక్క మార్పు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, మందు కొట్టడం దాన్ని ఏరి పెట్టడమే.

కాబట్టి తిరుపతి ల్యాబులో ఒక్క ఐసొలేట్‌తో (ఒకచోట నుంచి వేరుచేసి పెంచిన ఫంగస్‌తో) థీసిస్ ముగించకు. కదిరి, ధర్మవరం, పలమనేరు, కుదిరితే పాలమూరు వైపు కూడా తిరిగి ఆకులు ఏరుకురా. ల్యాబులో మీడియా (ఫంగస్‌ని పెంచే ఆహారం) మీద ఇది నత్తలా పెరుగుతుంది, తెల్లవారేసరికి వేరే బూజు కమ్మేస్తుంది, అప్పుడు టెన్షన్ పడకు. ఏరిన ఆకుల్ని ప్లాస్టిక్ కవర్లో కుక్కకు, చెమ్మకి కుళ్ళిపోతాయి. న్యూస్‌పేపర్ మడతల్లో పెట్టి, పొలం, తేదీ, రకం, కొట్టిన మందు పెన్సిల్‌తో రాయి. పెన్ను ఇంకు తడికి కారిపోతుంది.

దసరాకి వచ్చేటప్పుడు ఒక కట్ట తీసుకురా, వరండాలో కూర్చుని ఇద్దరం చూద్దాం. నా పది రెట్ల లెన్సు మీ అమ్మతో పంపిస్తున్నాను. స్క్రూ కొంచెం లూజుగా ఉంది, జాగ్రత్త.

మీ మామయ్య