దిగులుగా ఉన్నప్పుడు పొద్దున్నే ధ్యానం చేస్తే నిజంగా తేడా ఉంటుందా?

కొంతకాలంగా ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు, లేస్తూనే దిగులు, ధ్యానం మొదలుపెడితే తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. కాకపోతే లేచీ లేవగానే మంచం మీదే కళ్ళు మూసుకుని కూర్చోకండి. ముందు ఒళ్ళు కదలాలి, ఆ తర్వాతే ధ్యానం. ఈ వరస మారితే ఫలితం ఉండదని నా గట్టి నమ్మకం.

ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న రోజుల్లో నాకూ ఇదే పరిస్థితి. ధ్యానం చెయ్యమని చెప్పనివాళ్ళు లేరు. చేసేదాన్ని. కళ్ళు మూసుకోగానే ఆఖరి రోజు మేనేజర్ అన్న మాటలు, వాటికి నేను చెప్పాల్సిన జవాబులు, మళ్ళీ ఆ మాటలు. దిగులుగా ఉన్న మనసుకి కాస్త ఖాళీ దొరికితే చాలు, పాతవన్నీ నెమరేసుకుంటుంది. లేచేసరికి కూర్చోకముందు కంటే బరువుగా ఉండేది.

ఒకరోజు మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే సింకు నిండా రాత్రి గిన్నెలు. తాగడానికి కడిగిన గ్లాసు ఒక్కటీ లేదు. ఒకటి కడుగుదామని మొదలుపెట్టాను. అడుగున కాఫీ మరక ఎండిపోయి గోధుమరంగు వలయంలా పట్టేసింది. రుద్దితే పోలేదు, కాసిన్ని వేడినీళ్ళు పోసి నాననిచ్చి, ఈలోగా పక్కనున్న పళ్ళెం తీశాను. తర్వాత గరిటెలు, ఆ తర్వాత కుక్కర్ మూత. మళ్ళీ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మరక వేలితో తుడిస్తేనే వచ్చేసింది. అంతసేపూ మేనేజర్ గుర్తుకే రాలేదు. చేతులు తుడుచుకుని, బయట వెలుతురులో కాసేపు నిలబడి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు శ్వాస మీద ధ్యాస నిలిచింది.

దీనికి ఆధారం లేకపోలేదు. బుద్ధి పుట్టాక పని చేయడం కాదు, పని చేస్తుంటే బుద్ధి పుడుతుందన్న ఆలోచన మీద ‘బిహేవియరల్ యాక్టివేషన్’ అనే చికిత్సే ఉంది. 1970ల్లో పీటర్ లెవిన్‌సాన్ అనే మనస్తత్వవేత్త దానికి పునాది వేశారు. 1996లో నీల్ జేకబ్‌సన్ అనే మరో మనస్తత్వవేత్త బృందం దాన్ని పరీక్షించి చూస్తే, ఆలోచనలను సరిదిద్దే పూర్తి స్థాయి థెరపీతో సమానంగా ఇదొక్కటే చేసినా పనిచేసింది. మైండ్‌ఫుల్‌నెస్‌తో, అంటే ధ్యానంతో కూడిన కాగ్నిటివ్ థెరపీని (ఆలోచనల మీద పనిచేసే థెరపీని) కూడా మొదట రూపొందించింది డిప్రెషన్ నుంచి కోలుకున్నవాళ్ళకి అది తిరగబెట్టకుండా ఉండటానికి. దిగులులో మునిగి ఉన్నవాళ్ళని పొద్దున్నే కళ్ళు మూసుకోమనే సలహా నాకు అందుకే నచ్చదు.

‘పాజిటివ్‌గా ఆలోచించు’ అనే సలహా అంతకంటే చిరాకు. ఆలోచనలు చెప్పినట్టు వింటే ఈ బాధ ఎందుకు? ఇక ధ్యానం యాప్‌లు మరీ అన్యాయం. చాలావాటిలో ఒక్కరోజు తప్పితే వరసగా ఎన్ని రోజులు చేశామన్న లెక్క సున్నాకి వస్తుంది. అసలే నీరసపడి ఉన్న మనిషికి ఆ టెన్షన్ కూడానా! ఒకరోజు మానేస్తే మర్నాడు చేసుకోండి, ఏమీ కాదు.

నేను ఇప్పటికీ చేసేది ఇదే. దుప్పటి మడత పెడతాను, గిన్నెలు కడుగుతాను, బయటికి వెళ్ళి కాసేపు నడుస్తాను. మబ్బు పట్టినా సరే వెళ్ళండి. ఇంట్లో దీపాల వెలుతురు మామూలుగా కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాటదు, బయట మబ్బులోనూ వేలల్లో ఉంటుంది. నిద్రా మెలకువల గడియారాన్ని సరిచేసేది ఆ పొద్దుటి వెలుతురే. అప్పుడు కూర్చోండి. ఊపిరి పీల్చినదానికంటే వదలడం నెమ్మదిగా సాగనివ్వండి. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. ఆలోచన వస్తే దానితో వాదన పెట్టుకోకుండా మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి. మొదట్లో ఐదు నిమిషాలు చాలు.

మీరు ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నారో రాయలేదు. రెండు వారాలు దాటి రోజూ ఇదే పరిస్థితి అయితే, నిద్ర, ఆకలి దెబ్బతింటే డాక్టర్ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, పక్కనున్నవాళ్ళకి వెంటనే చెప్పండి. ఈ అలవాట్లు చికిత్స తీసుకుంటూ కూడా చేసుకోవచ్చు. రేపటికి మాత్రం ఒక్కటే పెట్టుకోండి: దుప్పటో, గిన్నెలో, ఏది దగ్గరుంటే అది.