టెక్ సందేహాలు: శుభలేఖకు ఇంక్‌స్కేప్, తెర అలంకరణకు రెయిన్‌మీటర్

సందేహం: మా అన్నయ్య పెళ్లి శుభలేఖను నేనే డిజైన్ చేయాలనుకుంటున్నాను. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? డీటీపీ సెంటర్ వారు ఇచ్చిన తెలుగు మ్యాటర్‌ను నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తున్నాయి.
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

సమాధానం: మీ రెండో ఇబ్బంది తీరితే తప్ప మొదటిదాని జోలికి వెళ్లలేం కనుక ముందు దాన్నే చూద్దాం. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న పాత పద్ధతి ఫాంట్లు తెలుగు అక్షరాలను ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, కొమ్ము మరోచోట, ఒత్తు ఇంకోచోట అన్నట్టుగా ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో ఉంచుతాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో వాటి వెనకున్న ఇంగ్లిష్ గుర్తులే బయటపడతాయి. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ విడివిడి సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు లిపికి విడిగా 128 స్థానాలు ఉన్నాయి కాబట్టి ఫాంట్ మారినా అక్షరం మారదు. శుభలేఖ మ్యాటర్ ఒక పేజీకి మించదు కనుక కన్వర్టర్ కోసం వెతకడం కంటే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయడమే మేలు. పెద్దల పేర్లు, ముహూర్తం మరోసారి సరిచూసుకున్నట్టూ ఉంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే ఫొనెటిక్ కీబోర్డు దొరుకుతుంది.

ఇక డిజైన్‌కు నేను నిస్సంకోచంగా సూచించేది ఇంక్‌స్కేప్. 2003లో సోడిపోడి అనే ప్రాజెక్టు నుంచి విడివడి మొదలైన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బొమ్మను చుక్కలుగా కాక గీతలుగా, వంపులుగా దాచుకుంటుంది. అందువల్ల మీరు శుభలేఖ పైభాగంలో గీసిన వినాయకుడి బొమ్మనే రేపు మంటపం ముందు ఫ్లెక్సీకి పెంచినా అంచులు మసకబారవు. ఫోటోలకు మెరుగులు దిద్దడానికైతే గింప్ ఉంది, కానీ అక్షరాలే ప్రధానమైన పనికి ఇంక్‌స్కేప్ తగినది. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర, గిడుగు, తెనాలి రామకృష్ణ వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో వచ్చినవి కనుక ముద్రణకు కూడా రుసుము లేకుండా వాడుకోవచ్చు. పేర్లకు రామభద్ర, మిగతా మ్యాటర్‌కు మండలి నాకు బాగా నచ్చే జోడీ.

ఫాంట్‌ను ఖరారు చేసే ముందు అందులో ‘జ్యోత్స్న’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ అనే మూడు మాటలు టైప్ చేసి చూడండి. ‘జ్యోత్స్న’లో త కింద స ఒత్తు, న ఒత్తు రెండూ చేరాలి కాబట్టి వరుసల మధ్య ఖాళీ తక్కువగా ఉంటే అవి కింది వరుసలోని గుడిని, దీర్ఘాన్ని తాకుతాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఖాళీ తెలుగుకు చాలదు. ఈ ఒక్కటీ పట్టించుకోకపోవడం వల్లనే మంచి కాగితం మీద అచ్చయిన శుభలేఖలు కూడా ఇరుకుగా కనిపిస్తున్నాయి, చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది.

రంగు విషయంలో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తున్న చిన్న పనిముట్ల సంపుటి పవర్‌టాయ్స్ మీకు సాయపడుతుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసుకున్నాక విండోస్, షిఫ్ట్, సి మీటలు కలిపి నొక్కి, పెళ్లి చీర ఫోటోలోని అంచు మీద క్లిక్ చేస్తే ఆ రంగు సంకేతం కాపీ అవుతుంది, దాన్ని ఇంక్‌స్కేప్‌లో అతికించండి. అయితే ఇంక్‌స్కేప్ తెర రంగులతో పనిచేస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో అచ్చు వేస్తుంది. తెర మీద మెరిసే కుంకుమ ఎరుపు కాగితం మీద కాస్త మందగిస్తుంది కాబట్టి ఒక్క కాపీ నమూనాగా తీయించి చూశాకే మిగతావి అచ్చు వేయమనండి. ప్రెస్సు వారు సిరా రంగుల్లోనే ఫైలు కావాలని పట్టుబడితే పేజీలు అమర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ వాడవచ్చు. అందులో తెలుగు ఒత్తులు సరిగ్గా రావాలంటే 1.6 లేదా ఆ తర్వాతి వెర్షన్ అవసరం.

పని పూర్తయ్యాక ఫైలును మరో పేరుతో దాచి, ఆ రెండో ప్రతిలో అక్షరాలన్నీ ఎంచుకుని షిఫ్ట్, కంట్రోల్, సి మీటలు నొక్కితే అవి గీతలుగా మారిపోతాయి. దాన్ని పీడీఎఫ్‌గా ఇస్తే ప్రెస్సు కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోయినా ఒక్క ఒత్తు చెదరదు. మారిన ప్రతిలో అక్షరదోషాలు దిద్దలేరు, కనుక మొదటి ప్రతిని జాగ్రత్తగా ఉంచుకోండి.

సందేహం: 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో రెయిన్‌మీటర్ వాడవచ్చా? తేదీ, వారం తెలుగులో కనిపించేలా చేయగలమా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: వాడవచ్చు. విండోస్ తెరను అలంకరించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. బరువంతా రెయిన్‌మీటర్‌ది కాదు, మనం దాని మీద పెట్టే స్కిన్లది, అంటే తెర మీద సమాచారం చూపే చిన్న పలకలది. గడియారం, బ్యాటరీ చూపే రెండు మూడు చిన్న స్కిన్లతో ఆగితే మీ యంత్రానికి ఇబ్బంది ఉండదు. కదిలే వాల్‌పేపర్లను మాత్రం 4 జీబీ యంత్రంలో పెట్టవద్దు.

తెలుగు తేదీ కోసం గడియారం స్కిన్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ ఎంచుకుంటే దాని ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. తేదీని చూపే భాగంలో ‘ఫార్మాట్ లొకేల్’ అనే వరుసను చేర్చి, తెలుగు–భారత్ సంకేతం (te-IN) ఇస్తే వారం, నెల పేర్లు తెలుగులో వస్తాయి. ఫాంట్ పేరు దగ్గర విండోస్‌తోనే వచ్చే నిర్మల యూఐ రాయండి. ఫైలులో మీరే తెలుగు మాటలు చేర్చాలనుకుంటే ‘సేవ్ యాజ్’లో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-16 ఎల్ఈగా మార్చి దాచాలి, లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. నచ్చకపోతే స్కిన్‌ను అన్‌లోడ్ చేస్తే చాలు, తెర మళ్లీ మామూలుగా మారుతుంది.

సందేహం: ఉద్యోగ దరఖాస్తులకు ఫోటోను 50 కేబీ లోపు చేయాల్సి వస్తోంది. ఉచిత సాఫ్ట్‌వేర్ వెతికితే ఎక్కడ చూసినా పెద్ద డౌన్‌లోడ్ బటన్లే. ఏది నమ్మాలి?
– ఒక నిరుద్యోగ యువకుడు, కర్నూలు

సమాధానం: ఇర్ఫాన్‌వ్యూ తీసుకోండి. ఇర్ఫాన్ స్కిల్జన్ 1996 నుంచి అందిస్తున్న ఈ చిన్న సాఫ్ట్‌వేర్ సొంత అవసరాలకు ఉచితం. దాని ప్లగిన్ల ప్యాకేజీని కూడా వేసుకుంటే, జేపీజీగా సేవ్ చేసేటప్పుడు పక్కన వచ్చే పెట్టెలో కావలసిన కేబీ అంకె ఇవ్వగలరు. ముందుగా కంట్రోల్, ఆర్ నొక్కి నోటిఫికేషన్‌లో అడిగిన పొడవు, వెడల్పులకు ఫోటోను తగ్గించి, ఆ తర్వాత కేబీ అంకె ఇస్తే ముఖం గళ్లుగళ్లుగా మారదు.

మీ భయం సహేతుకమే. ఒకసారి తొందరలో ఏదో డౌన్‌లోడ్ సైట్‌లోని ఆకుపచ్చ బటన్ నొక్కితే, నేను అడిగిన సాఫ్ట్‌వేర్‌తో పాటు అడగని రెండు ప్రోగ్రాములు వచ్చి నా బ్రౌజర్ మొదటి పేజీనే మార్చేశాయి. తయారీదారు సొంత సైట్ నుంచి గానీ మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి గానీ మాత్రమే తీసుకోండి. దిగిన ఫైలును తెరిచే ముందు రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ అనే భాగం ఉంటే, అందులో ఎవరి పేరుందో చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘నెక్స్ట్’ నొక్కే ప్రతిసారీ అప్పటికే టిక్ పెట్టి ఉన్న గడులను చదివి, అక్కర్లేనివి తీసేయండి.