పర్మిట్ చేతికి రాకుండా పని మొదలుపెట్టకు

అమ్మలూ,

బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అయ్యాక న్యూయార్క్ వచ్చి ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలు వేయించి మనసు బాధకు చేసే చికిత్స, చదువుతానని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి చాలా సంతోషించాను. మీ అమ్మ, అదే మా అక్క, మాత్రం ఫోన్లో "బొమ్మలు వేయించడానికి కూడా లైసెన్సేంటే?" అంది. ఆ ప్రశ్నకు జవాబు నీకూ తెలియాలని తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

నా ఇంటర్న్‌షిప్ రోజుల్లో ఒక తొమ్మిదేళ్ల బాబు వచ్చేవాడు (గుర్తుపట్టే వివరాలు మార్చే చెబుతున్నాను, ఈ పనిలో అది మొదటి నియమం). కాగితం మీద నీళ్లు పోసి, ఒకేచోట కుంచెతో రుద్దుతూ కూర్చునేవాడు. కాగితం నాని, పొరలు లేచి చిరిగేలా ఉంటే, బొమ్మ పాడైపోతుందని నేను గబగబా దళసరి కాగితం తెచ్చిచ్చాను. వాడు కుంచె కింద పెట్టేశాడు. ఆ రోజు మళ్లీ ముట్టుకోలేదు. సాయంత్రం సూపర్‌విజన్‌లో, అంటే అనుభవమున్న థెరపిస్ట్‌తో మా పని గురించి మాట్లాడుకునే సమయంలో, చెబితే మా మేడమ్ అడిగారు: "చిరిగితే బాధ ఎవరికి, వాడికా, నీకా?" బొమ్మను కాపాడుకోవడం ఆర్టిస్టుగా నా అలవాటు. వాడికి చిరగడమే కావాలేమోనని నాకు తట్టనేలేదు. తర్వాతి వారం పల్చటి కాగితమే పెట్టాను. చిరిగింది. ఆ చిరుగులోంచి వేలు పైకి పెట్టి నా వైపు చూశాడు. అంతకుముందు వాడు ఒక్కసారి కూడా నా ముఖంలోకి చూడలేదు. లైసెన్స్‌కు అన్ని గంటల సూపర్‌విజన్ ఎందుకంటే ఇందుకే, అక్కకు చెప్పు.

ఇక ఇక్కడి లెక్క. అమెరికాలో ఈ లైసెన్స్ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి, కొన్నిచోట్ల అసలు లేదు. న్యూయార్క్‌లో ఉంది, పేరు లైసెన్స్‌డ్ క్రియేటివ్ ఆర్ట్స్ థెరపిస్ట్, అందరూ ఎల్‌క్యాట్ అంటారు. మాస్టర్స్ చేయాలి. ఆ తర్వాత 1,500 గంటలు సూపర్‌విజన్‌లో పనిచేయాలి, అందులో కనీసం 1,000 గంటలు నేరుగా క్లయింట్లతో ఉండాలి. ఆర్ట్ థెరపీ క్రెడెన్షియల్స్ బోర్డు పెట్టే పరీక్ష పాసవ్వాలి. పిల్లలపై హింసను గుర్తించే చిన్న కోర్సు కూడా ఉంటుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

అసలు జాగ్రత్త లిమిటెడ్ పర్మిట్ దగ్గర, అంటే లైసెన్స్ రాకముందు సూపర్‌విజన్‌లో పనిచేయడానికి రాష్ట్రం ఇచ్చే తాత్కాలిక అనుమతి దగ్గర. డిగ్రీ అయ్యాక ఆ పర్మిట్ చేతికొచ్చిన తర్వాత చేసిన గంటలే లెక్క. నా మొదటి ఉద్యోగంలో "పర్మిట్ వస్తుందిలే, ఈలోగా మొదలుపెట్టు" అన్నారు. నేనూ నమ్మి మొదలుపెట్టాను. పదకొండు వారాల కష్టం ఒక్క గంట కూడా లెక్కలోకి రాలేదు. ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు నీకు రాకూడదు. పైగా ఆ పర్మిట్ ఫలానా చోట, ఫలానా సూపర్‌వైజర్ కింద అని ఇస్తారు. ఉద్యోగం మారితే మళ్లీ కొత్తది తీసుకోవాలి.

నీకు ఇది నాకంటే గట్టిగా తగులుతుంది, ఎందుకంటే నువ్వు ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వస్తావు. కంప్యూటర్స్ చదివిన పిల్లలకు ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి) ఏడాది అయ్యాక ఇంకో 24 నెలలు పొడిగిస్తారు. ఆర్ట్ థెరపీ ఆ పొడిగింపు వచ్చే కోర్సుల జాబితాలో లేదు, నీకు 12 నెలలే. వారానికి 35 గంటలు చేసినా 1,500కు దాదాపు 43 వారాలు పడుతుంది. మిగిలేవి తొమ్మిది వారాలే. పర్మిట్ కోసం ఎదురుచూడటం, జ్వరాలు, సెలవులు అన్నీ అందులోనే. అందుకని చివరి సెమిస్టర్‌లోనే ఉద్యోగం, సూపర్‌వైజర్ ఖాయం చేసుకో. ఓపీటీకి చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచే అప్లై చేయొచ్చు. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు "వారానికి క్లయింట్లతో ఎన్ని గంటలు?" అని అడుగు. ఇరవై నాలుగు కంటే తగ్గితే ఆ 43 వారాల్లో నీకు 1,000 నిండదు.

గంటలకు ఒక రూళ్ల లాంగ్ నోట్‌బుక్ పెట్టుకో. తేదీ, క్లయింట్‌తో ఎంతసేపు, నోట్స్‌కు ఎంతసేపు, సూపర్‌విజన్ ఎంతసేపు అని రోజూ రాసి, వారం వారం సంతకం చేయించు. నాది ఇప్పటికీ బీరువాలో ఉంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఆ కోర్సు న్యూయార్క్ లైసెన్స్‌కు పనికొచ్చేదిగా రాష్ట్రం దగ్గర రిజిస్టరైందా అని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకో. ప్రాట్, ఎన్‌వైయూ లాంటి చోట్ల ఈ చదువు ఎప్పటి నుంచో ఉంది. చేరడానికి బొమ్మల చదువు ఒక్కటే చాలదు, సైకాలజీ క్రెడిట్లు కూడా అడుగుతారు, ముఖ్యంగా డెవలప్‌మెంటల్, అబ్‌నార్మల్ సైకాలజీ. నీ మార్కుల జాబితాలో అవి లేవు.

తిరిగి హైదరాబాద్ వెళ్లి చేస్తానన్నా నాకిష్టమే. అక్కడ ఎల్‌క్యాట్ లాంటి లైసెన్స్ పద్ధతి ఇంకా కుదురుకోలేదు, నెల రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ బోర్డు పెట్టేస్తున్నారు. నువ్వు ఆ పని చేయకు. క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి, అది నీకుండదు. కాబట్టి రోగనిర్ధారణ జోలికి పోకుండా, ఒక సైకియాట్రిస్ట్‌తో కలిసి పనిచేయి. క్లయింట్ వేసిన బొమ్మ ఎంత బాగున్నా ఇన్‌స్టాలో పెట్టకు.

ముందు ఆ రెండు సైకాలజీ కోర్సులు ఎక్కడ దొరుకుతాయో చూసి, సిలబస్ నాకు పంపు. ఫీజు కట్టేముందు ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పిన్ని