మూలమట్టం, కంపాస్ కనపడగానే ఫ్రీమేసన్లు అనేయకండి

పెన్సిల్వేనియాలో పాత ఇంటి పెరట్లో మెటల్ డిటెక్టర్‌కి దొరికిన బిళ్ల మీద మూలమట్టం, కంపాస్ (వృత్తాలు గీసేది) ఉన్నాయి, ఇది ఫ్రీమేసన్లు అనే, రహస్య ఆచారాలున్న పాత సోదర సంఘం వాళ్లదేనా అని అడిగారు. ముందు మధ్యలో ఏముందో చూడండి. ఇంగ్లిష్ ‘జి’ అక్షరం ఉంటే దాదాపు వాళ్లదే. సుత్తి పట్టిన చెయ్యి ఉంటే మాత్రం అది చాలావరకు జూనియర్ ఆర్డర్ ఆఫ్ యునైటెడ్ అమెరికన్ మెకానిక్స్ అనే వేరే సంఘానిది.

నాకూ అచ్చం అలాంటిదే దొరికింది, మీ రాష్ట్రంలోనే. ఓ పెద్దాయన పొలం, ఆయన్ని అడిగే తవ్వాను. (అడక్కుండా తవ్వేవాళ్ల వల్లే మాలాంటివాళ్లని చూసి జనం గేట్లు వేసుకుంటున్నారు.) కూలిపోయిన కొట్టం పక్కన ఎంతసేపు వెతికినా సీసా మూతలు, తుప్పు మేకులే. విసుగొచ్చి లేవబోతుంటే మళ్లీ మోగింది. జానెడు లోతులో చొక్కా గుండీ అంత బిళ్ల. వెనకాల మరలున్న చిన్న కాడ, అంటే కోటు కాలరుకి బిగించుకునేది. నీళ్లతో మట్టి వదిలించి ఫోన్లో పెద్దది చేసి చూస్తే కంపాస్ కాళ్ల మధ్య మడిచిన చెయ్యి, పిడికిట్లో సుత్తి. ఇక్కడి ఆర్మ్ అండ్ హామర్ వంటసోడా డబ్బా మీద ఉంటుందే, అలాంటి చెయ్యే. పెద్దాయన చూసి, “మా తాత జూనియర్లలో ఉండేవాడు, నువ్వే ఉంచుకో” అన్నాడు.

ఆ జూనియర్లు ఎవరంటే, 1853లో ఫిలడెల్ఫియాలోని జర్మన్‌టౌన్‌లో మొదలైనవాళ్లు. వలస వచ్చినవాళ్లు మా పనులు లాక్కుంటున్నారని వీళ్ల కోపం. కాథలిక్కులంటే అస్సలు పడేది కాదు. అలాంటి వాళ్ల బిళ్లని గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లుగా నిలబడ్డ నేను తవ్వి తీశాను! అదే సంఘం ఒహాయోలోని టిఫిన్‌లో అనాథ పిల్లలకి పెద్ద ఆశ్రమం నడిపింది. నన్నడిగితే ఆ కాలపు లాడ్జిలన్నీ (ఇలాంటి సంఘాల స్థానిక శాఖలు) సగం బీమా కంపెనీలే. సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చిందే 1935లో. అంతకుముందు పనివాడు మంచాన పడితే ఇంటికి నాలుగు డాలర్లు, పోతే అంత్యక్రియల ఖర్చు ఇచ్చేది చాలాచోట్ల లాడ్జీయే. జనం చేరింది అందుకే, రహస్యాల కోసం కాదు.

మన యూట్యూబ్ వాళ్లకి ఇది ఎక్కదు. కంపాస్ కనపడితే చాలు, లోకాన్ని చాటుగా ఏలే రహస్య ముఠా, ఇల్యూమినాటి అంటూ భయంకరమైన మ్యూజిక్ వేస్తారు. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరిలో మేసన్ల లాడ్జి ఎన్నో ఏళ్లుగా ఉంది. దాని వల్ల ఆ వీధిలో ఎవరికి ఏమైంది?

మీ బిళ్ల మీద మూడు గొలుసు లంకెలు, ఎఫ్, ఎల్, టి అక్షరాలు కూడా కనిపిస్తే ఆడ్ ఫెలోస్ అనే మరో సోదర సంఘం అనుకోండి. అప్పట్లో ఒక్కో మనిషి రెండు మూడు సంఘాల్లో ఉండేవాడు, గుర్తులు కలిపి చేయించుకునేవాడు. నిమ్మకాయ, స్టీల్ పీచు జోలికి మాత్రం పోకండి, పైపూత ఎనామెల్‌తో సహా లేచిపోతుంది. ఆన్‌లైన్లో అమ్మేవాళ్ల మాటా నమ్మొద్దు. సుత్తి ఉన్న చెయ్యి కళ్లముందే కనపడుతున్నా ‘అరుదైన మేసానిక్’ అని రాసి ధర పెంచేస్తారు. వెనక వైపు ఫొటో కూడా తీసి పెట్టండి, తయారుచేసినవాళ్ల పేరు చాలాసార్లు అక్కడే ఉంటుంది.