మేనకోడలికి, ఒక సున్నా గురించి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

సోమవారం నుండి నీవు గుల్జార్ హౌజ్ దగ్గరి బంగారు దుకాణంలో బిల్లులు రాసే పనిలో చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నేను ముప్పై ఏళ్ళు పద్దులు రాసిన బజారుకే మన ఇంటి పిల్ల వెళ్తున్నదని మురిసిపోయాను కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కూడేటప్పుడు దశాంశ చుక్క కింద చుక్క రావాలని బడిలోనే నేర్చుకున్నావు. అర గ్రామును .5 అని కాక 0.5 అని రాయి, ఒంటరి చుక్క కంటికి ఆనదు.

నాకు భయమంతా చుక్క పక్కన ఉండే సున్నాతోనే. 1957లో రూపాయికి నూరు నయాపైసలు వచ్చినప్పటి నుండి మన చేతికి రెండు స్థానాలే అలవాటైనాయి. గ్రాముకు వెయ్యి మిల్లీగ్రాములు కాబట్టి బంగారానికి మూడు స్థానాలు కావాలి. పనిలో చేరిన రెండో ఏడు, మాఘమాసపు పెళ్ళిళ్ళ రద్దీలో, ఒక తల్లి కూతురికి రెండు తులాల పుస్తెలతాడు కొన్నది. కాంటా దగ్గరి పెద్దమనిషి “ఇరవై గ్రాముల యాభై మిల్లీ” అని కేక వేస్తే, నేను రూపాయలు పైసలు రాసినట్టే 20.50 అని రాశాను. రాయవలసినది 20.050. యాభై మిల్లీ అంటే గ్రాములో ఇరవయ్యో వంతు, నేను రాసినది అర గ్రాము. లేని 450 మిల్లీగ్రాముల బంగారానికి, దాని మజూరీకి కూడా ఆమె కొంగుముడి విప్పి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది. రాత్రి నిల్వ చూస్తే పద్దు కన్నా 0.450 గ్రాములు ఎక్కువ తేలింది. బిల్లు మీద ఊరి పేరు ఒక్కటే ఉంది. ఆదివారం బస్సెక్కి వెళ్ళి, ఇల్లు వెతికి డబ్బు చేతిలో పెడితే, ఆమె ఏమీ అనకుండా మళ్ళీ రెండుసార్లు లెక్కపెట్టుకున్నది. తిట్టినా బాగుండేదనిపించింది.

అందుకే బిడ్డా, బరువును ఎవరు ఎట్లా చెప్పినా నీవు మాత్రం “ఇరవై పాయింట్ సున్నా, అయిదు, సున్నా” అని అంకె అంకె పలికి రాయి. “పాయింట్ నూట ఇరవై అయిదు” అని చదివితేనే 3.125 కన్నా 3.75 చిన్నదనే భ్రమ పుడుతుంది. మొదట పదోవంతుల స్థానం చూడు, ఒకటి కన్నా ఏడు పెద్దది.

ఇక 916 ముద్ర. అంటే నగలో వెయ్యిలో 916 వంతులు మేలిమి బంగారం, అదే 0.916. 20.050ని దానితో గుణిస్తే మేలిమి బరువు 18.3658 వస్తుంది, చివరలో ఒక్కసారే సవరించి 18.366 అని రాయి. తొందరపడి ముందే 0.92 చేస్తే 18.446 అవుతుంది, 80 మిల్లీగ్రాముల మేలిమి ఎక్కడి నుండి పుట్టినట్టు? ఇంటర్‌లో కూడా నీవు సగం లెక్క మనసులోనే చేసి జవాబు రాసేదానివి, ఆ దుడుకు ఇక్కడ పనికిరాదు. గుణించే ముందు అంచనా వేసుకో: ఇరవైలో పదోవంతు కన్నా కొంచెం తక్కువ పోతుంది, పద్దెనిమిది పైచిలుకు మిగలాలి. 183 కనబడితే చుక్క జరిగిందన్నమాట.

కళ్ళద్దాలు మరిచిపోకు, సాయంత్రం దీపాల వెలుగుకు నీ కళ్ళు నీరు కారుతాయి. సోమవారం రాత్రి ఫోను చేసి మొదటి బిల్లు బరువు చదివి వినిపించు. మూడు స్థానాలూ వినాలి.

ఇట్లు,
మామయ్య