పాత అంబాసిడర్ ముందు సీటు మార్చాలా, బాగు చేయించాలా?

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు షాద్‌నగర్ చేరేసరికే నడుము కుడివైపు పట్టేస్తోందని, మీ నాన్నగారి మార్క్ 4 అంబాసిడర్‌లోని బెంచీ సీటు తీసేసి, తుక్కుకు వచ్చిన ఏదైనా ఈ కాలపు కారు సీట్లు రెండు బిగించుకోమని సీట్ల దుకాణం వారు సలహా ఇచ్చారని, అది మంచిదేనా అని మీరు అడిగారు. తొందరపడి మార్చవద్దని, ముందు ఉన్న సీటును విప్పించి చూడమని నా సలహా. మా ఇంట్లో ఉన్నదీ అదే తరం బండి. ముందు బెంచీ సీటు, స్టీరింగ్ పక్కన గేరు. నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వైపు, ఇటు మిర్యాలగూడ వైపు దాన్ని నేనే నడుపుతాను. ఒకప్పుడు నాకూ ఇదే నొప్పి ఉండేది, సీటు మార్చకుండానే తగ్గింది. ఆ బెంచీ సీటు తయారైనప్పుడు ఎలా ఉండేదో అలా తిరిగి నిలబెడితే, మన రోడ్ల మీద దానికి వంక పెట్టవలసింది చాలా తక్కువ.

కుడివైపు అని మీరు ప్రత్యేకంగా రాశారు కాబట్టే ఈ మాట ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. మన బండ్లలో నడిపేవారు కుడి తలుపు నుంచి ఎక్కుతారు, దిగుతారు. ఎక్కిన ప్రతిసారీ ఒంటి బరువంతా ముందుగా సీటు కుడి అంచు మీద పడుతుంది, ఆ తర్వాతే మనిషి లోపలికి జరుగుతాడు. ముప్పై నలభై ఏళ్లు ఇలా సాగితే కుడి అంచు స్ప్రింగులు సాగిపోతాయి, కొన్నిసార్లు ఫ్రేమే వంగుతుంది. పైన రెగ్జిన్ బిగువుగా ఉండటం వల్ల చూపుకు సీటు సమంగానే కనిపిస్తుంది. కూర్చున్నాక మాత్రం కుడి తుంటి కిందికి దిగి, తల నిలువుగా ఉంచడానికి వెన్ను పక్కకు వంపు తిరుగుతుంది. ఆ వంపును గంటల తరబడి మోసేది నడుము కండరాలే. దీన్ని పరీక్షించడం సులువు. మీరు స్టీరింగ్ ముందు కూర్చుని, వెనుక సీట్లో ఒకరిని కూర్చోబెట్టి మీ భుజాలు, నడుము సమంగా ఉన్నాయో లేదో చూడమనండి. తర్వాత దిగి, సీటు కుడి అంచును మోకాలితో గట్టిగా నొక్కండి, ఎడమ చివరనూ అలాగే నొక్కండి. రెండూ దిగే లోతులో తేడా ఉంటే కారణం దొరికినట్టే. వెనుక జేబులో పర్సు పెట్టుకుని నడిపే అలవాటుంటే అది వేరే సంగతి, ఈ రోజే మానేయండి. నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి ఎక్కుతున్నా మాత్రం సీటు సంగతి పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించుకోండి.

మా బండి సీటు పని మిర్యాలగూడలో లారీ సీట్లు కుట్టే ఒక మేస్త్రీ చేత చేయించాను. కొత్త కార్లకు కవర్లు మాత్రమే తొడిగే దుకాణాల కంటే లారీ, ట్రాక్టర్ సీట్లు చేసేవారికి స్ప్రింగు పని బాగా తెలుసు, మీరు కూడా అలాంటి వారినే వెతకండి. ఆయన సీటును బల్ల మీద బోర్లా వేసి, రెగ్జిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప రింగులను కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్కటే విప్పారు. రెగ్జిన్ కింద పలచటి స్పంజి పసుపు రంగు పిండిలా రాలింది. దాని కింద రబ్బరు కలిపి అచ్చు పోసిన కొబ్బరి పీచు పొర, ఆ కింద గోనెగుడ్డ, ఆ గోనె కింద మెలికల స్ప్రింగు తీగలు. గోనె చిరిగిన చోట తీగ కొస కొబ్బరి పీచులోకి దిగి, నేను కూర్చునే చోట గుంత చేసింది. కుడి అంచున రెండు స్ప్రింగుల కొక్కేలు విరిగితే ఎప్పుడో ఎవరో బైండింగ్ వైరుతో కట్టి వదిలేశారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆ తర్వాత బయటపడింది: సీటు ముందుకు వెనక్కు జరగడానికి కింద బిగించే స్లైడర్ దగ్గర, ఫ్రేము పైపు వెనుక మూల వెంట్రుక మందాన పగిలి ఉంది. పైకి ఎంత మంచి స్పంజి వేసినా ఆ పగులు ఉన్నంతకాలం సీటు కుడికి ఒరుగుతూనే ఉండేది.

అందుకే పని కింది నుంచి పైకి జరగాలి. మొదట ఫ్రేమును వెల్డింగ్ చేయించి, సమతలమైన నేల మీద పెట్టి మూలలు నాలుగూ ఆనుతున్నాయో లేదో చూడాలి. తర్వాత స్ప్రింగులు. విరిగినవి మాత్రమే మారిస్తే కొత్తవి గట్టిగా, పాతవి సాగినట్టుగా ఉండి ఎగుడుదిగుడు మిగిలిపోతుంది కాబట్టి, నడిపేవారి వైపు ఉన్నవన్నీ ఒకే మందం తీగతో మార్చించడం మేలు. స్ప్రింగుల మీద కొత్త గోనె రెండు పొరలుగా వేసి ఫ్రేముకు బిగించి కుట్టాలి. రైసు మిల్లుల ఊరు కాబట్టి మిర్యాలగూడలో గోనెకు కొదవ లేదు. చాలామంది అనవసరమని వదిలేసే పొర ఇదే. స్ప్రింగుకూ స్పంజికీ మధ్య గోనె, దాని మీద దళసరి ఫెల్టు గానీ కొబ్బరి పీచు షీటు గానీ లేకపోతే, స్ప్రింగు తీగలు స్పంజిని కొద్దికాలంలోనే కోసేస్తాయి.

స్పంజి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎక్కువ మంది డబ్బు పోయేది ఇక్కడే. దుకాణాల్లో గట్టి స్పంజి, మెత్తటి స్పంజి అనే రెండు మాటలే వినిపిస్తాయి. కానీ గట్టిదనం వేరు, సాంద్రత (డెన్సిటీ) వేరు. డెన్సిటీ 40 అంటే ఆ స్పంజి ఘనపు మీటరు 40 కిలోలు తూగుతుందని అర్థం. అందులో ఎంత పదార్థం ఉందో, ఎంతకాలం నిలుస్తుందో ఆ అంకె చెబుతుంది. గట్టిదనం అంటే నొక్కితే ఎంత ఎదురు తోస్తుందన్నది. తక్కువ డెన్సిటీ ఉన్న స్పంజిని కూడా గట్టిగా తయారు చేయవచ్చు. అది దుకాణంలో బొటనవేలితో నొక్కితే దిట్టంగానే అనిపిస్తుంది గానీ, రోజూ మనిషి బరువు మోస్తూ, మన ఎండలకు మగ్గితే త్వరగా చప్పబడిపోతుంది. కింది పొరకు డెన్సిటీ 40కి తగ్గకుండా గట్టి రకం, పైన ఒక అంగుళం మెత్తటి రకం అడగండి. మొత్తం మందం మాత్రం పాత సీటు ఎత్తును దాటకూడదు. స్ప్రింగులన్నీ పీకేసి ప్లైవుడ్ పలక వేసి, దాని మీద నాలుగైదు అంగుళాల స్పంజి పెట్టి ఇచ్చే దుకాణాలున్నాయి. దయచేసి దానికి ఒప్పుకోకండి. కూర్చునే ఎత్తు పెరిగి తొడలు స్టీరింగ్‌కు తగులుతాయి, కళ్లు ముందు అద్దం పై అంచు దగ్గరకు చేరతాయి, గతుకు వచ్చినప్పుడు పలక నేరుగా వెన్నుపూసకు దెబ్బ చేరవేస్తుంది.

స్ప్రింగు, స్పంజి కలిసి చేసే పని ఏమిటో తెలిస్తే ఈ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. కూర్చున్న మనిషి మొండెం సెకనుకు సుమారు నాలుగు నుంచి ఆరుసార్లు ఊగే కుదుపుకు అన్నిటికంటే ఎక్కువగా స్పందిస్తుంది. ఆ కుదుపు ఒంటికి చేరకముందే తగ్గించడమే వాటి పని. అంబాసిడర్‌కు ముందు టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనుక పట్టీ స్ప్రింగులు. షాక్ అబ్జార్బర్లు పనిచేయకపోతే బండి ఒక్క గతుకుకే పలుమార్లు ఊగుతుంది. దాని మీద సాగిపోయిన సీటు ఉంటే ఆ ఊపు తగ్గకపోగా పెరుగుతుంది. అందువల్ల సీటు పనికి ముందే బండి ముందు మూలను బలంగా కిందికి తొక్కి వదిలి చూడండి. ఒకసారి లేచి కుదురుకోవాలి. అంతకు మించి ఊగితే మొదటి ఖర్చు షాక్ అబ్జార్బర్ల మీదే పెట్టండి. జాతీయ రహదారి 44 మీద తెలియదు గానీ, డిండి నుంచి కల్వకుర్తి వైపు వెళ్లే దారిలో ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక వాలు. బెంచీ సీటుకు వీపు భాగం విడిగా వెనక్కి వాల్చుకునే ఏర్పాటు లేదు. అయినా స్లైడర్ ముందు బోల్టుల కింద అర అంగుళం మందం ఇనుప పలకలు గానీ దళసరి వాషర్లు గానీ పెట్టి, తగినంత పొడవున్న కొత్త బోల్టులు వేస్తే సీటంతా కొద్దిగా వెనక్కి వాలుతుంది. తొడల కింద ఆనిక దొరుకుతుంది, వీపు నిటారుగా ఉండే బాధ తగ్గుతుంది. నాకు ఉపశమనం ఎక్కువగా ఇచ్చింది, ఖర్చు తక్కువగా అయింది ఈ మార్పే. మోకాలి వెనుక భాగానికీ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరేంత సందు ఉండాలని మరచిపోకండి. పైకవరు కుట్టకముందే సీటును బండిలో పెట్టించి, కనీసం అరగంట నడిపి చూడండి. స్పంజి ఒంటి వేడికి మెత్తబడిన తర్వాతగానీ దాని అసలు స్వభావం తెలియదు. దుకాణంలో రెండు నిమిషాలు కూర్చుని బాగుందనడం వల్ల ప్రయోజనం లేదు.

పైకవరు విషయం తొందరగా చెప్పేస్తాను. అంచులకు, పక్కలకు రెగ్జిన్ ఉంచి, కూర్చునే చోట, వీపు ఆనే చోట గాలి ఆడే దళసరి గుడ్డ వేయించండి. మే నెలలో మన నల్లగొండ, పాలమూరు ఎండకు నిలిపిన బండిలో రెగ్జిన్ మీద కూర్చోవడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. నేను పోచంపల్లి నూలు గుడ్డతో, లోపల దళసరి అస్తరు వేయించి, ఉతుక్కునేలా విడి కవరు కుట్టించుకున్నాను. చెమట పీల్చుకుంటుంది, చూడటానికీ బండి వయసుకు తగినట్టు ఉంటుంది.

ఇన్ని చేసినా మార్చే తీరాలనుకుంటే, ఇతర కంపెనీల సీట్ల కంటే ముందు అంబాసిడర్‌కే 1990లలో, ఆ తర్వాత వచ్చిన బకెట్ సీట్ల (విడివిడి సీట్ల) కోసం వెతకండి. ఇసుజు 1800 ఇంజను బండ్లలో అవి కనిపిస్తాయి. 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరలో ఈ కారు తయారైంది కాబట్టి వెతికితే దొరుకుతాయి, వెడల్పు, ఎత్తు ఈ బండికి సరిపోయేవే. ఈ కాలపు కార్ల సీట్లతో చిక్కు మరోలా ఉంటుంది. ఆ కార్ల నేల మీద సీటు కోసమే ఎత్తైన దిమ్మెలు ఉంటాయి, ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ ఎత్తు తేడా ఉంటుంది. వాటిని తెచ్చి మన బండి నేల మీద పెడితే వాలు తప్పుతుంది, సరిచేయడానికి ఇనుప కాళ్లు వెల్డింగ్ చేస్తారు. ఆ వెల్డింగ్, కింద ఉన్న పాత రేకు కలిసి ప్రమాద సమయంలో మనిషి బరువును ఆపగలగాలి. చాలా కొత్త సీట్లకు బెల్టు బకిల్ సీటు ఫ్రేముకే ఉంటుంది కాబట్టి, ఆ లాగుడు కూడా అదే రేకు మీద పడుతుంది. నేల కింద నుంచి దళసరి ఇనుప పలకలు వేసి, 8.8 గ్రేడు (ఎక్కువ బలమున్న ఉక్కు) బోల్టులతో బిగించకపోతే రేకు చిరిగి సీటు ఊడి రాగలదు. పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటునైతే అసలు కొనకండి. తుక్కు దుకాణంలో దాని వైర్లను కోసి, కదిలించి చూడటం ప్రమాదకరం.

కాగితాల సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఆర్సీలో సీట్ల సంఖ్య ఉంటుంది. బెంచీ తీసి రెండు విడి సీట్లు వేస్తే ముందు కూర్చోగల వారి సంఖ్య మారవచ్చు. మీది పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఆర్టీఏ ఆఫీసులో ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ముందు పెట్టక తప్పదు. అందువల్ల సీట్లకు అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్సీ తీసుకుని వెళ్లి అక్కడ అడగండి, ఒప్పుకోకపోతే బెంచీ సీటునే పైన చెప్పిన వరుసలో చేయించండి.